పేరు పలకని ఇల్లాలు

నీలఘోష నది పైకి చూడ్డానికి పట్టుచీర ఆరేసినట్టు నునుపుగా ఉంటుంది. లోపల మాత్రం అన్నీ సుళ్ళే. ఒక్కో సుడి ఏనుగును మింగి, దంతాలు మాత్రం పైకి ఉమ్మేస్తుందని పడవవాళ్ళు చెప్పుకుంటారు. ఇవతలి గట్టు కురువింద రాజ్యం. ఎర్రటి నేల, జొన్నచేలు, పొద్దున్నే ముగ్గులతో నవ్వే వాకిళ్ళు. అవతలి గట్టున గడ్డి కూడా నల్లగా మొలుస్తుంది. ఆ నల్లగడ్డి మధ్య ఒక కోట. దానికి బురుజుల్లేవు, కందకం లేదు, కాపలా భటులు అసలే లేరు. పగలల్లా దాని లోపలినుంచి ఒకటే చప్పుడు. కిర్రు... కిర్రు... గానుగలు తిరిగే చప్పుడు. గాలివాటున అది ఇవతలికి వినబడిందా, ఎంత అల్లరి పిల్లయినా పరుగున వచ్చి తల్లి చంక ఎక్కవలసిందే.

ఆ పూట ఆ కోటకు పోవాలని పడవెక్కినవాళ్ళు ఇద్దరు. ఒకరు తలపాగా చుట్టి, అంగీ తొడిగి, నడుముకు కత్తి కట్టిన రౌతు. రెండోది పెళ్ళి పసుపు ఇంకా ఒంటినుంచి వదలని చిన్నది. పేరు చిట్టిపూస.

"రౌతన్నా, కాస్త అటు జరుగు. కొత్త కోడలు పరాయి మగాడి పక్కన కూర్చుందని తెలిస్తే మా అత్త వీపు చిట్లగొడుతుంది" అంది చిట్టిపూస.

రౌతు పక్కకు జరిగాడు. చిట్టిపూస కాసేపు నీళ్ళవంక చూసింది, కాసేపు రౌతు కాళ్ళవంక చూసింది. ఉన్నట్టుండి కిలకిలా నవ్వింది.

"మీసం మొలవని రౌతులుంటారు, కాదనను. కాళ్ళకు మెట్టెలు పెట్టుకున్న రౌతును మాత్రం నేనెక్కడా చూళ్ళేదమ్మా!"

రౌతు వేషంలో ఉన్న తంగేడి చటుక్కున పాదాలు లోపలికి లాక్కుంది. అడవి దారిలో ఒంటరి ఆడది నడవలేదని జుట్టు పాగాలో దాచింది, నడక మార్చింది, గొంతు మార్చింది. మెట్టెలు తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"నువ్వూ ఆయన కోసమేనా అక్కా?" అంది చిట్టిపూస, ఈసారి నవ్వకుండా.

"ఆయన కోసమే."

ఇక రెండో మాట అక్కర్లేకపోయింది. ఆ కోటలో ఉన్నవాడు తైలకంఠుడనే మాంత్రికుడు. దారినపోయే మగవాళ్ళను పట్టి ఎద్దుల్ని చేసి గానుగలకు కడుతున్నాడని తెలిసి, కురువింద రాజు తన రౌతుల్ని పంపించాడు. పోయినవాళ్ళు పోయినట్టే. వాళ్ళలో తంగేడి మొగుడు ఉన్నాడు. ఎర్రటి పాగా చుడతాడని లోకమంతా ఎర్రరౌతు అంటుంది. చిట్టిపూస మొగుడు కూడా ఉన్నాడు, వాణ్ణి దూకుడురౌతు అంటారు. తరవాత కొన్నాళ్ళకు ఆ గట్టునుంచి ఒక మాట పాకుతూ వచ్చింది: కట్టుకున్న పెళ్ళాం వచ్చి, ఎద్దు చెవిలో మొగుడి పేరు పలికితే చాలు, ఎద్దు మనిషై లేస్తాడని.

ఇక్కడ కురువింద దేశపు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఆ దేశంలో మగవాడి అసలు పేరు తల్లికి తప్ప ఇంకొకరికి తెలియదు. పెళ్ళినాడు అరుంధతిని చూపించాక, పెళ్ళికొడుకు వంగి ఆ పేరు పెళ్ళికూతురి చెవిలో చెబుతాడు. ఆ ఘడియనుంచి తల్లి కూడా ఆ పేరు ఎత్తదు. ఆ పేరు ఇక ఇల్లాలి సొత్తు. ఆమె దాన్ని పైకి అనదు, కలలో కూడా నోరు జారదు. ఒక్కసారే అంటుంది. మొగుడి ఆఖరి ఊపిరి వేళ, తల ఒళ్ళో పెట్టుకుని చెవిలో పలుకుతుంది. ఆ పిలుపు పట్టుకుని ప్రాణం దారి తప్పకుండా పోతుందట. మొగుడికంటే ముందు పోవాలని అన్నిచోట్లా ఆడవాళ్ళు నోములు పడతారు. ఆ దేశపు ఆడవాళ్ళు మాత్రం ఒక్కరోజు వెనక పోవాలని మొక్కుకుంటారు. పేరు చెప్పేవాళ్ళు లేక ఆయన ప్రాణం వీధుల్లో తిరుగుతుందేమోనని వాళ్ళ బెంగ.

"నాకు పేరు చెబుతుంటే ఆయన మీసం గుచ్చుకుని నవ్వొచ్చేసిందక్కా" అంది చిట్టిపూస. "బ్రాహ్మడు కళ్ళెర్రజేశాడు. మా అత్త ఇప్పటికీ దెప్పుతుంది, పేరు చెప్పించుకుంటూ నవ్విన కోడలు మా వంశంలో లేదని. పోనీలే, ఇవాళ తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెడతాను. అప్పుడేమంటుందో చూస్తాను."

అసలే నోట్లో నువ్వుగింజ నానని పిల్ల. గట్టు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది. తంగేడి ఊఁ కొడుతూనే ఉంది గానీ, ఆమె చెవులు కిర్రుమనే ఆ చప్పుడు దగ్గరే ఉన్నాయి.

దిగేటప్పుడు పడవ తాత ఒక్క మాట అన్నాడు. "దింపడమే గానీ తిరిగి ఎక్కించుకున్నది లేదమ్మా ఇప్పటిదాకా."

"వేరే దారిన ఇళ్ళకు పోయుంటారు తాతా. మొగుళ్ళు దొరికినవాళ్ళు నీ పడవ కోసం ఆగుతారా?" అంటూ చిట్టిపూస గట్టుమీదికి దూకింది.

కోట వాకిలి తెరిచే ఉంది. లోపల అడుగుపెట్టగానే ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. ముంగిలి అంత పెద్దది ఏ రాజుకూ ఉండదు. చలువరాతి నేలమీద అద్దంలా నూనె మెరుస్తోంది. వరసలు వరసలుగా గానుగలు. నల్లరాతి రోళ్ళు, వాటిలో తాటిమాను అంత రోకళ్ళు, ఒక్కోదానికి కాడి, కాడికింద గంతలు కట్టిన ఎద్దు. తెల్లవి, కపిలవి, మచ్చలవి. ఏ ఎద్దూ తల ఎత్తదు, ఏ ఎద్దూ రంకె వేయదు. వాటి మధ్య ఆడవాళ్ళు నేలమీద కూర్చుని చేటలతో నల్లనువ్వులు చెరుగుతున్నారు. అంతమంది ఆడవాళ్ళున్నచోట ఒక్క మాట లేదు, ఒక్క దగ్గు లేదు. ముంగిలి మధ్యలో నిలువెత్తు దీపస్తంభం. దానినిండా వత్తులు, పట్టపగలు జ్వాలలతో ఊగుతున్నాయి.

"రండమ్మా రండి! ఎండన పడి వచ్చారు. కాళ్ళు కడుక్కోండి" అంటూ తైలకంఠుడు ఎదురొచ్చాడు.

మాంత్రికుడంటే కోరలూ జడలూ ఉంటాయనుకుంటాం కదా, అవేవీ లేవు. తెల్లటి పంచె, నుదుట విభూతి, పెళ్ళిపెద్దలాంటి ముఖం. మాట మాత్రం నూనెలో ముంచి తీసినట్టుంటుంది.

"తెలిసో తెలియకో మీ మగవాళ్ళు నామీదికి కత్తులెత్తుకొచ్చారు. కోపంలో శపించాను. ఇప్పుడు కడుపు తరుక్కుపోతోంది తల్లీ. శాపం నా చేతుల్లో లేదు, మీ నోట్లో ఉంది. యముడి వెంట నడిచి మొగుణ్ణి తెచ్చుకున్న ఇల్లాలి కథ మీరు వినలేదా? పొద్దు పొడవకుండా సూర్యుణ్ణే ఆపిన ఇల్లాలి కథ వినలేదా? వాళ్ళు అంత చేశారు. మీరు ఒక్క పేరు పలకండి."

తంగేడి అడిగింది. "మా దేశంలో పేరు పలికేది సాగనంపడానికి కదా స్వామీ?"

"పిచ్చితల్లీ! ఇంట్లోంచి పోవడానికి ఏ తలుపో, ఇంట్లోకి రావడానికీ అదే తలుపు కదమ్మా!"

ఆ మాట తంగేడి మనసుకు హాయిగానే ఉంది. అంత హాయిగా ఉండడమే ఎక్కడో కాస్త గుచ్చుకుంది.

చిట్టిపూస ఆగలేదు. మాంత్రికుడు చూపించిన కపిల ఎద్దు దగ్గరికి పరుగెత్తి, మెడ కావలించుకుని, చెవిలో నోరుపెట్టింది. ఏమందో ఎవరికీ వినబడలేదు. ఎద్దు ఒళ్ళు జలదరించింది. కొమ్ములు పొగలా కరిగాయి. కాడికింద ఒక పడుచువాడు మోకాళ్ళమీద కూలబడి, పెళ్ళాం ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు.

"లోపల వేణ్ణీళ్ళు తోడించాను నాయనా, మాటలు తరవాత" అంటూ తైలకంఠుడు ఇద్దర్నీ భుజాలు పట్టి గదిలోకి నడిపించాడు. తలుపు మూసుకుంది. మూసుకునేముందు చిట్టిపూస తల తిప్పి, "చూశావా అక్కా!" అని నవ్వింది.

ఆ నవ్వుతో తంగేడి అనుమానం కొట్టుకుపోయింది. ఆమె కళ్ళు ఎర్రటి ఎద్దు కోసం వెదికాయి. వెదకనక్కర్లేకపోయింది. గోడవార గానుగ దగ్గర తిరుగుతున్న ఒక ఎర్రటి ఎద్దు, ఆమె అలికిడి విని నడక తగ్గించింది. మెడమీద కాడి ఒరిసి పుండ్లయ్యాయి. ఈగలు ముసురుతున్నాయి. ఆమె దగ్గరికి పోయి నిలబడగానే అది తల వంచి, నుదురు తెచ్చి ఆమె భుజాన ఆనించింది. ఎర్రరౌతు అంతే. స్వారీనుంచి రాగానే మంచినీళ్ళు కూడా అడగకుండా, నుదురు పెళ్ళాం భుజాన ఆనించి కాసేపు అలా నిలబడిపోయేవాడు.

తంగేడికి దుఃఖం పొర్లుకొచ్చింది. "ఏవండీ, నేనొచ్చానండీ" అంది. ఎద్దు గంతలకిందనుంచి నీళ్ళు కారాయి. ఆమె చెవి దగ్గరికి వంగింది. పేరు గొంతులోకి వచ్చింది, నాలుకమీదికి వచ్చింది, పెదవులు విడివడ్డాయి.

అంతలో ఎవరో ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగారు. నోట్లో గుప్పెడు తెలకపిండి కుక్కారు!

ఊపిరాడక తంగేడి ఉక్కిరిబిక్కిరై చూసింది. తెల్లజుట్టు ముసలమ్మ, నువ్వులు చెరుగుతున్నవాళ్ళలో ఒకామె. పిండినిండిన చేత్తో తంగేడి నోరు నొక్కిపట్టి, రెండో చేత్తో తన గొంతు చూపించుకుంటోంది. నోరు తెరిచి అరుస్తోంది. గొంతునరాలు ఉబ్బుతున్నాయి, చప్పుడు మాత్రం రావడంలేదు. తరవాత దీపస్తంభం వైపు వేలు చూపించింది. అక్కడ, అంతకుముందు లేని ఒక కొత్తవత్తి కపిలరంగు జ్వాలతో అప్పుడే అంటుకుంది.

గది రెండో తలుపు తెరుచుకుంది. అందులోంచి చిట్టిపూస ఒక్కతే వచ్చింది. చేతిలో చేట. నోరు కదులుతోంది. ఎప్పుడూ ఆగని ఆ నోరు కదులుతూనే ఉంది. మాట లేదు. తంగేడిని చూసి దగ్గరికి రాలేదు. తిన్నగా పోయి ఆ కొత్తవత్తి ముందు కూర్చుంది.

తంగేడి నోట్లోని పిండి ఉమ్మేసింది. పేరు మాత్రం మింగేసింది. ముల్లు మింగినట్టు మింగింది.

"అయ్యో, ముసలిదానా!" తైలకంఠుడు తలుపు దగ్గర నిలబడి నిట్టూర్చాడు. కోపం లేదు, పాలు పొంగిపోయినప్పటి చిరాకంత ఉంది. "సరే, దాచడమెందుకు. తలుపు ఒకటేనన్నాను, అబద్ధం కాదు. పేరు పలికితే ఆ తలుపు తీసుకుని ప్రాణం బయటికొస్తుంది. వచ్చింది నా దీపంలోకి పోతుంది. ఆ వత్తులు వెలిగినంతకాలం నాకు చావులేదు. పలికిన గొంతు పేరుతోపాటే పోతుంది, నలుగురికీ చెప్పకుండా. రాక్షసులు మనుషుల్ని బలవంతంగా తింటారు. నాకా శ్రమ లేదు. పతివ్రతలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి ప్రేమగా వడ్డించి పోతారు."

తంగేడి కత్తి దూసింది. వాడు నవ్వాడు. కత్తి వాడి ఛాతీలో దిగింది, నీళ్ళలో దిగినట్టు. తీస్తే రక్తం లేదు, నూనె బొట్లు.

"పేరు దాచుకున్న ఇల్లాలి ఒంటిమీద నేను చెయ్యి వేయలేను. అది నాకున్న కట్టుబాటు. వాడిమీద వేయడానికి అడ్డేముంది?" అంటూ వాడు ములుగర్ర అందుకున్నాడు.

ఆ తరవాత జరిగింది చెప్పాలంటే నోరు రాదు. పుండుమీద పుండు పడేలా వాడు పొడుస్తున్నాడు. ఎర్రెద్దు కాళ్ళు తడబడి, మోకాళ్ళమీద పడి, లేచి, మళ్ళీ నడుస్తోంది. ఒక్కో పోటుకు తైలకంఠుడు మెత్తగా అడుగుతున్నాడు. "పలకమ్మా. నొప్పి లేకుండా పోతాడు. మొగుడి బాధ చూస్తూ నోరు మూసుకుందంటే లోకం నిన్నేమంటుంది? రాతిగుండెదంటుంది."

"అననీ" అంది తంగేడి. "మా అమ్మమ్మ నాకూ చెప్పింది ఆ కథలు. యముడి వెనక నడిచిన తల్లి మొగుణ్ణి వెనక్కి అడిగింది. అప్పగించి రాలేదు."

అని గబగబా పోయి, కాడికి రెండోవైపు తన మెడ పెట్టింది. వాడు ఎత్తిన ములుగర్ర గాలిలో ఆగిపోయింది. ఇప్పుడు పొడిస్తే ఆమెకూ తగులుతుంది. తంగేడి మొగుడితో సమానంగా అడుగు వేస్తూ గానుగ తిప్పింది. కాడి ఎంత బరువో, అప్పుడు తెలిసింది ఆమెకు. ఇన్నాళ్ళూ దాన్ని ఒక్కడే మోశాడు.

నడుస్తూ నడుస్తూ ఆమె చెయ్యి ఎద్దు గంతలమీదికి పోయింది.

తైలకంఠుడు మొదటిసారి గొంతు పెంచాడు. "అవి తీయకు! గంతలున్నంతకాలం వాడి చూపు లోపలికే ఉంటుంది. తను మనిషినని, ఫలానాదాని మొగుణ్ణని తలుచుకుంటూ ఉంటాడు. తీశావా, కాడి ఊడుతుంది, ఒప్పుకుంటాను. తనంతట తాను నడిచిపోతాడు. కానీ ఎద్దు కళ్ళతో లోకాన్ని చూశాక ఎద్దే అవుతాడు. గడ్డి రుచవుతుంది. పూటపూటకూ నిన్ను మరిచిపోతాడు. ఒకనాటికి నువ్వెవరో తెలియదు. అలాంటి మొగుడు నీకెందుకు?"

వాడు ఎన్నో అబద్ధాలాడాడు గానీ, ఇది అబద్ధం కాదని తంగేడికి తెలిసిపోయింది. భయపడ్డవాడి గొంతులో అబద్ధం పలకదు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. తనను మరిచిపోతాడా? నుదురు తెచ్చి భుజాన ఆనించే మనిషి, తన పక్కనుంచే గడ్డి కోసం పోతాడా? అంతకంటే పేరు పలికేస్తే...

తల విదిలించుకుంది. బతుకు ఆయనది. తానెవరు ఎంచడానికి?

"ఏవండీ" అంది చెవిలో. "మీరే చెప్పండి. పేరు పలకమంటారా, గంతలు తీయమంటారా? మీరెలా అంటే అలా."

ఎర్రెద్దు ఆగింది. బరువుగా ఊపిరి తీసుకుంది. తల వంచి, గంతలకట్టును ఆమె మోచేతికేసి రుద్దింది. ఒకసారి రుద్దింది. అర్థం కాలేదేమోనని మళ్ళీ రుద్దింది.

తంగేడి ఏడుస్తూనే ముడి విప్పింది.

ఎద్దు కళ్ళు తెరిచింది. ఆ పెద్ద నల్లటి కళ్ళలో ముందుగా పడింది తంగేడి ముఖమే. అంతే, కాడి ఫెళ్ళున విరిగింది! రోకలి ఎగిరి పక్కగానుగమీద పడింది. రోలు బోర్లపడి నూనె ఏరులా పారింది. దీపస్తంభంనుంచి ఒక నిప్పురవ్వ రాలి, ముంగిలంతా భగ్గుమంది. చేటలు, బస్తాలు, పాకలు అంటుకున్నాయి. "నా దీపం! నా దీపం!" అంటూ తైలకంఠుడు కేకలు పెట్టాడు.

దీపం! అది ఆర్పితే వీడు చస్తాడు. తంగేడి తడి గోనెపట్టా లాగి స్తంభంవైపు దూకింది. రెండంగల్లో చేరింది. పట్టా ఎత్తింది.

ఎదురుగా చిట్టిపూస నిలబడింది. రెండు చేతులూ చాచి, గాలి తగలకుండా తన వత్తికి అడ్డంపెట్టింది. ఆమె పక్కన ఇంకొకామె. ఆమె పక్కన మరొకామె. మూగవాళ్ళందరూ లేచొచ్చి, మంటల మధ్య దీపం చుట్టూ గోడకట్టారు. ఒక్కొక్కరూ ఒక్కో వత్తిని అరచేతుల్లో దాచుకుని నిలబడ్డారు. వాళ్ళ మొగుళ్ళలో వాళ్ళకు మిగిలింది అదే. కోటకు కాపలా భటులెందుకు లేరో తంగేడికి అప్పుడు తెలిసింది.

"చిట్టీ, నాతో రావే!" అని చెయ్యి చాపింది. చిట్టిపూస తల అడ్డంగా ఊపింది. జ్వాలవంక చూసి, కొత్తకోడలిలా సిగ్గుపడి నవ్వింది. తంగేడి ఎత్తిన పట్టా దించేసింది. వాళ్ళను తోసేసి ఆర్పేయొచ్చు. చెయ్యి రాలేదు.

తెల్లజుట్టు ముసలమ్మ ఒక్కతే ఆ గోడలో నిలబడలేదు. ఆమె వత్తి ఏనాడో కాలి అయిపోయింది కాబోలు. నేలమీది నూనెలో వేలు ముంచి, గోడమీద రెండు శిఖరాల కొండ గీసింది, నడుమ ఒక కొలను గీసింది. తంగేడి చెయ్యి పట్టి ఉత్తరం చూపించింది. జంటకొండ కొలను! అందులో మునిగితే పోయిన రూపు తిరిగొస్తుందని కురువింద దేశపు ముసలమ్మలందరూ చెబుతారు. వెళ్ళి చూసొచ్చినవాళ్ళు మాత్రం లేరు. దండం పెట్టేలోపే ముసలమ్మ ఆమెను ఎద్దుమీదికి తోసి, దాని తొడమీద చరిచింది.

ఎర్రెద్దు మంటల్లోంచి బాణంలా దూసుకుపోయింది. వాకిలి దాటింది, నల్లగడ్డి దాటింది, నీలఘోషలోకి ఒక్క దూకు దూకింది. సుడి వచ్చి కాళ్ళు పట్టింది. తంగేడి తలపాగా కొట్టుకుపోయింది, కత్తి జారిపోయింది, అంగీ చిరిగి నీళ్ళపాలైంది. ఎద్దు తోక రెండు చేతులా పట్టుకుని ఆమె వేలాడింది. మునిగారు, తేలారు, మళ్ళీ మునిగారు. ఒక మొసలి ఈడ్చబోతే ఎద్దు కొమ్ముతో దాని దవడ చీల్చింది. పొద్దు వాలేసరికి ఎక్కడో దిగువన, మనిషి తొక్కని అడవి గట్టున ఇద్దరూ ఒడ్డున పడ్డారు. వెనక్కి చూస్తే ఆకాశానికి నల్లటి పొగ. ఆ పొగలోంచి తైలకంఠుడి కేక లీలగా వినబడింది. దీపం ఆరలేదు. వాడు వెదుక్కుంటూ వస్తాడు.

అంగీ కింద చుట్టుకున్న చీర పిండి ఆరేసుకుని, తంగేడి ఉత్తరంగా నడక మొదలుపెట్టింది. పగ్గం వేయలేదు. కట్టుకున్నవాడికి పగ్గమేమిటి? పక్కన నడుస్తూ మాట్లాడుతూనే ఉంది, మాట ఆగితే ఆయన జారిపోతాడేమోనని.

"ఏవండీ, మీరు అరుగుమీద ఎండబెట్టిన జీనును మేక నమిలింది గుర్తుందా? ఆ మేకను మీరు తిట్టిన తిట్లకి మా నాన్న గుమ్మంలోంచే వెనక్కి పోయాడు. ఏవండీ, మీ అమ్మ మీకోసం చింతకాయ తొక్కు దాచింది. నన్ను జాడీ ముట్టనివ్వదు."

తల్లి మాట ఎత్తగానే ఎద్దు ఆగి ఆమెవంక చూసింది. ఆ కళ్ళు ఎర్రరౌతువే. మర్నాడు తెల్లవారేసరికి "ఏవండీ" అంటే చెవి కదిలించింది, తల తిప్పలేదు. పొద్దెక్కేసరికి దారిపక్క గరిక కనబడితే మాట మధ్యలోనే పక్కకు పోయింది. ఆమె మాట ఆపి, మేసేదాకా నిలబడింది. "తినండి, ఆకలేసుంటుంది" అంది. పుండ్లమీద పసరు పిండి రాసింది. అది కాలితో నేలను తన్నిందే గానీ, నుదురు తెచ్చి ఆనించలేదు.

అడవి పల్చబడ్డచోట ఒక మంద ఎదురైంది. మెడల్లో గంటలు మోగించుకుంటూ ఆవులు పోతున్నాయి. వెనక ముసలి గొల్లాయన ఒకడు. గంటల చప్పుడు వినగానే ఎర్రెద్దు చెవులు నిక్కబొడుచుకుంది. మోర ఎత్తి వాసన పట్టింది. మందవైపు అడుగు వేసింది.

"ఏవండీ, ఇటండీ" అంది తంగేడి. ఎద్దు ఆగలేదు. "ఏవండీ! మిమ్మల్నే!"

గొల్లాయన కర్రమీద ఆనుకుని నవ్వాడు. "గొడ్డును పట్టుకుని అండీ అంటావేంటమ్మా? పేరు పెట్టి పిలువు, ఆగుతాది. పేరు పెట్టలేదా దానికి?"

తంగేడి నోరు తెరిచింది. పేరు ఉంది. నాలుక చివరే ఉంది. ఆ పేరు వినబడితే ఆయన ఎంత దూరంనుంచైనా వెనక్కి తిరుగుతాడు. ఒక్క రెప్పపాటు మనిషిగా తన ముఖం చేతుల్లోకి తీసుకుంటాడు. ఆమెకు ఆ ఒక్క రెప్పపాటు ఎంత కావాలనిపించిందంటే, పళ్ళ మధ్య పెదవి కొరుక్కుంది, రక్తం వచ్చేదాకా.

"పెట్టారు తాతా" అంది. "పిలవడానికి కాదు."

మందలో కలవబోతున్న ఎద్దు వెనక పరుగెత్తింది. చీర కొంగు తీసి దాని మెడ చుట్టూ తిప్పి, రెండు చేతులా ముడివేసింది. పెళ్ళిపీటలమీద పురోహితుడు వేసిన ముడికంటే గట్టిగా వేసింది. ఎద్దు ముందుకు గుంజింది. ఆమె పడింది, గరికమీద ఈడ్చుకుపోయింది, మోకాళ్ళు చెక్కుకుపోయాయి, లేచి నిలదొక్కుకుంది. మళ్ళీ గుంజింది. ఈసారి పడలేదు. ఆవులు గంటలు మోగించుకుంటూ మలుపు తిరిగిపోయాయి. ఎద్దు ఆగింది.

గుర్తొచ్చి ఆగిందో, మెడ నొప్పికి ఆగిందో ఆమెకు తెలియలేదు. ముఖంలోకి తొంగిచూడబోయి, మానుకుంది. ఉత్తరాన మబ్బుల్లో రెండు నీలపు మొనలు, గోరంత కనబడుతున్నాయి.

"నడవండి" అంది తంగేడి.